నవ్వు ఎక్కడ పుట్టిందో రాయి

తమ్ముడూ,

ఆటను రంగస్థలమెక్కించిన హాస్యనటుల మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఎంచుకున్న విషయం చాలా మంచిది. కానీ "చాప్లిన్ జనాన్ని కడుపుబ్బ నవ్వించాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎలా నవ్వించాడో చెప్పకపోతే చదివేవాళ్లకు నవ్వెలా వస్తుంది?

1908, లండన్‌లోని కొలీజియం నాటకశాల. ఫ్రెడ్ కార్నో కంపెనీ ప్రహసనం 'ది ఫుట్‌బాల్ మ్యాచ్' ఆడుతోంది. గోల్‌కీపర్ స్టిఫీగా ప్రధాన హాస్యనటుడు హ్యారీ వెల్డన్, అతనికి లంచమిచ్చి మ్యాచ్ ఓడించాలని చూసే విలన్‌గా పద్దెనిమిదేళ్ల చాప్లిన్. ప్రేక్షకులకు వీపు పెట్టి లోపలికొచ్చాడు. పొడుగు కోటు, టోపీ, చేతికర్ర, వెనకనుంచి చూస్తే దర్జాగా ఉన్నాడు. ఇటు తిరిగితే ఎర్ర ముక్కు! హాలంతా గొల్లుమంది. అంతలో డంబెల్ తగిలి తూలాడు. చేతికర్ర పంచింగ్ బాల్‌కి, అంటే బాక్సర్లు గుద్ది సాధన చేసే బంతికి చిక్కుకుంది, అది తిరిగొచ్చి మొహం మీద కొట్టింది. వెల్డన్ ఇంకా రంగం మీదికి రానేలేదు.

ఈ వరస చెడకుండా రాయి. ఆటగాళ్లు కండలు పెంచుకునే సామానే ఇక్కడ విలన్ పరువు తీస్తోంది. ఆటా నాటకమూ కలిసింది సరిగ్గా అక్కడే. నీ వ్యాసానికి ప్రాణం అదే.

ఆ జనం ఎవరో కూడా చెప్పు. ఇంగ్లండులో 1885లో డబ్బు తీసుకుని ఫుట్‌బాల్ ఆడటానికి అనుమతి వచ్చింది. శనివారం మధ్యాహ్నం మిల్లు వదలగానే మైదానానికి వెళ్లే కార్మికులే మ్యూజిక్ హాళ్లకూ, అంటే పాటలూ హాస్యమూ విన్యాసాలూ కలిపి చూపే వినోదశాలలకూ వచ్చేవాళ్లు. ఆ హాళ్లలో మాటల నాటకాలకు చట్టం అడ్డుపడేది. దొమ్మరి విద్యల నుంచి వచ్చిన కార్నో మాట తగ్గించి ఒంటితో నవ్వించే పద్ధతికి పదును పెట్టాడు.

ఆటతోనే నవ్వించే అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్‌ని "బాస్కెట్‌బాల్ జోకర్లు" అన్నావు. ఆ మాట కొట్టెయ్. 1948లో షికాగోలో, ఆనాటి మేటి ఆటగాడు జార్జ్ మైకన్ ఉన్న మినియాపొలిస్ లేకర్స్ జట్టుని 61-59తో ఓడించిన నల్లజాతి ఆటగాళ్లు వాళ్లు. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో నల్లవాళ్లు ఆడటం మొదలైంది 1950లో. బంతి మీద అంత పట్టు ఉండబట్టే దానితో హాస్యం పండించగలిగారు. ఇది వ్యాసంలో గట్టిగా చెప్పాల్సిన సంగతి.

మళ్లీ రాసే ముందు చాప్లిన్ సినిమా 'సిటీ లైట్స్'లో బాక్సింగ్ ఘట్టం చూడు. రెఫరీ వెనక దాక్కుని, అతని అడుగులో అడుగు వేస్తూ చాప్లిన్ ఎలా కదులుతాడో గమనించు. గ్లోబ్‌ట్రాటర్స్ భాగం ముందు పంపినా సరే, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య