పెద్దలు కుదిర్చిన పెళ్లి, గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ: మీ భయానికి నా అనుభవం నుంచి జవాబు

మీరు అడిగింది ఇది: ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చి ఇప్పుడు ఓపీటీలో, అంటే చదువయ్యాక ఇచ్చే పని అనుమతి మీద, ఉద్యోగం చేస్తున్నారు. అమెరికా సిటిజన్ అయిన తెలుగబ్బాయితో పెద్దలు సంబంధం కుదిర్చారు. ఇక్కడ రిజిస్టర్ పెళ్లి అయింది, గుంటూరులో శాస్త్రోక్తంగా చేయడానికి ముహూర్తం పెట్టుకున్నారు. పరిచయమై ఏడాది కూడా కాలేదు, కలిసి దిగిన ఫొటోలు తక్కువ. ఇది కార్డు కోసం చేసుకున్న పెళ్లి అని ఆఫీసర్ అనుకుంటారేమోనని భయపడుతున్నారు.

నాదీ దాదాపు ఇదే పరిస్థితి. నేనూ ఓపీటీలో ఉండగానే సంబంధం కుదిరింది, మావారు ఇక్కడే పుట్టి పెరిగారు. న్యూజెర్సీలో ఉంటాం కాబట్టి మా ఇంటర్వ్యూ న్యూఆర్క్‌లో జరిగింది, కార్డు వచ్చింది. నేను లాయర్‌ని కాను, చూసింది, చేసింది చెప్తున్నాను.

మీరు అడగకపోయినా ముందు ప్రయాణం సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది అదే. ఐ-485 (గ్రీన్ కార్డ్ అప్లికేషన్) పెండింగ్‌లో ఉండగా, అడ్వాన్స్ పెరోల్, అంటే బయటికెళ్లి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, చేతికి రాకుండా దేశం దాటితే, ఆ అప్లికేషన్‌ను మీరే వదులుకున్నట్టు లెక్కగడతారు. హెచ్-1బీ, ఎల్-1 ఉద్యోగ వీసాల వాళ్లకు, వాళ్ల డిపెండెంట్లకు మినహాయింపు ఉంది. ఎఫ్-1కి లేదు. పోనీ అప్లై చేయకముందే వెళ్లొద్దామంటే అదీ చిక్కే. చదువు పూర్తయ్యాక తిరిగి వెళ్లిపోతానని చెప్పి తీసుకునే వీసా ఎఫ్-1. సిటిజన్ భర్త ఉన్న అమ్మాయి ఎయిర్‌పోర్టులో ఆ మాట చెప్తే నమ్మడం కష్టం.

మా ఇంట్లో కూడా ముహూర్తం పెట్టి, కల్యాణ మండపానికి అడ్వాన్స్ ఇచ్చేశారు. వాయిదా అనగానే నాన్న "ఊళ్లో ఏమనుకుంటారమ్మా" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది, కానీ నేను ఒక్కదాన్నే ఒప్పించలేకపోయాను. చివరికి మా అత్తగారు ఫోన్ చేసి, "వదినగారూ, పిల్ల వెళ్తే తిరిగి రావడం కష్టమట, మీరే ఇక్కడికి రండి" అని అమ్మతో మాట్లాడారు. విజిటర్ వీసాలు అప్పటికే ఉన్నాయి కాబట్టి అమ్మానాన్నలు వచ్చారు. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వర స్వామి గుడిలో జీలకర్రబెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు అన్నీ జరిగాయి. కార్డు వచ్చాక ఊళ్లో రిసెప్షన్ పెట్టుకున్నాం. మీరు కూడా మీవారి అమ్మానాన్నల చేత మాట్లాడించండి. మగపెళ్లివారే వాయిదా అడిగితే మనవాళ్ల మనసు తేలికపడుతుంది.

ఇందులోంచే ఇంకో సమస్య వస్తుంది. మనకు పెళ్లిరోజులు రెండు ఉంటాయి. చట్టం లెక్కలో పెళ్లి తేదీ మ్యారేజ్ సర్టిఫికెట్ మీద ఉన్నదే, ఫామ్స్‌లో అన్నిచోట్లా అదే రాయాలి. కానీ ఇంటర్వ్యూలో "ఎప్పుడు పెళ్లయింది" అంటే ఒకరు రిజిస్టర్ తేదీ, ఇంకొకరు ముహూర్తం తేదీ చెప్పే ప్రమాదం ఉంది. మేము మొదటి జవాబులోనే రెండూ చెప్పాం: ఫలానా రోజు చట్టప్రకారం, ఫలానా రోజు మా సంప్రదాయం ప్రకారం గుడిలో అని. ఇంటర్వ్యూ చేసిన ఆఫీసర్ ఆవిడ రాసుకుని ముందుకు వెళ్లారు.

ఇక మీ అసలు భయం. పెద్దలు కుదిర్చిన పెళ్లి అని చెప్పడానికి అస్సలు వెనకాడకండి. కొంతమంది స్నేహితులు "కాలేజీలో పరిచయమైనట్టు చెప్పండి, వాళ్లకు మన పద్ధతి అర్థం కాదు" అని సలహా ఇస్తారు. దయచేసి వినకండి. ప్రమాణం చేసి అబద్ధం చెప్తే, నిజమైన పెళ్లి కూడా అనుమానంలో పడుతుంది. వాళ్లు చూసేది ప్రేమకథ కాదు. 1983లో లారియానో కేసులో ఇమిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు చెప్పిన సూత్రం ఒక్కటే: పెళ్లి చేసుకునేటప్పటికి ఇద్దరికీ కలిసి జీవించాలన్న ఉద్దేశం ఉందా లేదా. ఎన్నాళ్ల పరిచయం అన్నది అందులో ఒక వివరం మాత్రమే.

మమ్మల్ని "ప్రపోజ్ ఎవరు చేశారు" అని అడిగారు. మావారు నా వైపు చూశారు. మన సంబంధాల్లో మోకాళ్ల మీద కూర్చుని ఉంగరం తొడిగే ఘట్టం ఉండదు కదా. ఉన్నదే చెప్పాం: మా పిన్ని వాళ్లకు తెలిసినవాళ్ల ద్వారా సంబంధం వచ్చింది, బయోడేటాలు మార్చుకున్నాం, వీడియో కాల్స్‌లో మాట్లాడుకున్నాం, ఆయన నన్ను చూడటానికి నేనుండే ఊరికి వచ్చారు, ఇద్దరం సరే అన్నాకే పెద్దలు తాంబూలాలు పుచ్చుకున్నారు. "మీరిద్దరూ ఒప్పుకున్నాకేనా" అని ఆఫీసర్ మళ్లీ అడిగారు. ఈ మాట ముఖ్యం. పెద్దలు కుదిర్చినా నిర్ణయం మీ ఇద్దరిదీ అని స్పష్టంగా చెప్పండి.

ఫొటోలు తక్కువని బెంగపడొద్దు. పెళ్లికి ముందు మీకున్న ఆధారాలు వేరే రకం: బయోడేటా పంపిన మెసేజ్, వాట్సాప్‌లో మాట్లాడుకున్న కాల్స్ జాబితా, ఆయన వచ్చిన విమానం టికెట్, శుభలేఖ. రెండు కుటుంబాలు కలిసి ఉన్న ఫొటోలు పది పెడితే, ఇద్దరే తీసుకున్న సెల్ఫీలు వంద కంటే విలువ అని నా నమ్మకం. తల్లిదండ్రులు, మేనమామలు, అమ్మమ్మలు నిలబడిన పెళ్లిలో నటన ఎక్కడుంటుంది? ప్రతి ఫొటో కింద తేదీ, చోటు, ఎవరెవరో రాయండి.

పెళ్లి తర్వాతి కాపురానికి కాగితాలు కావాలి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరిస్తే సరిపోదు, జీతాలు అందులో పడాలి, కరెంటు బిల్లు, సరుకుల ఖర్చు అందులోంచి పోవాలి. కలిపి వేసిన ట్యాక్స్ రిటర్న్, హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఒకరి పేరు ఇంకొకరి కింద, నామినీ వివరాలు పెట్టండి. మేము అత్తామామల ఇంట్లోనే ఉండేవాళ్లం, లీజు లేదు. మామగారు ఇంటి పన్ను కాగితం జతచేసి, మేమిద్దరం తన ఇంట్లోనే ఉంటున్నామని నోటరీ చేసిన లెటర్ ఇచ్చారు. ఇద్దరి డ్రైవింగ్ లైసెన్సుల మీదా అదే అడ్రస్ ఉంది. దాని గురించి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మనవాళ్లకు ఎక్కువ టైమ్ తినేది బర్త్ సర్టిఫికెట్. నా దాంట్లో అమ్మానాన్నల పేర్లున్నాయి, బిడ్డ పేరు గడి ఖాళీ. నాన్న మున్సిపాలిటీ చుట్టూ తిరిగి పేరు చేర్పించి కొత్త కాపీ తీసుకున్నారు. అందుకే ఇది ఈరోజే మొదలుపెట్టండి. పుట్టుక నమోదే కాకపోతే, లేదని అధికారిక సర్టిఫికెట్ తీసుకుని, పదో తరగతి మెమో, అమ్మానాన్నల అఫిడవిట్లు జతచేయాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది కదా, ఆ రూపాలన్నీ "ఇతర పేర్లు" అన్న గడిలో రాసేయండి. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లీషు అనువాదం, చేసినవారి సంతకంతో ధ్రువీకరణ ఉండాలి. రెండు భాషలూ బాగా తెలిసిన ఎవరైనా చేయొచ్చు, కాకపోతే మీరూ మీవారూ కాకుండా వేరేవాళ్లు చేస్తే మంచిది.

ఖర్చు సంగతి: 2024 ఏప్రిల్‌లో మారిన ఫీజుల ప్రకారం పేపర్ మీద ఐ-130కి (భార్య కోసం సిటిజన్ భర్త వేసే పిటిషన్) 675 డాలర్లు, ఐ-485కి 1,440. వర్క్ పర్మిట్ 260, అడ్వాన్స్ పెరోల్ 630, ఇవి విడిగా. పంపే రోజు యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైట్లో ఫీజు, ఫామ్ ఎడిషన్ తేదీ సరిచూసుకోండి. 2025 అక్టోబర్ 28 తర్వాత మామూలుగా చెక్కులు తీసుకోవడం లేదు, కార్డు ద్వారానో బ్యాంకు ఖాతా నుంచో కట్టాలి. మెడికల్ రిపోర్ట్, అంటే ఐ-693, 2024 డిసెంబర్ 2 నుంచి ఐ-485తో పాటే పంపాలి. డాక్టర్ సీల్ చేసి ఇచ్చిన కవరు తెరవకండి. టీబీకి రక్తపరీక్ష చేస్తారు, చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల అందులో తేడా రాదు.

మీవారు స్పాన్సర్‌గా ఐ-864, అంటే మిమ్మల్ని ఆర్థికంగా చూసుకుంటానన్న పూచీపత్రం, సంతకం చేస్తారు. ఇద్దరే ఉన్న ఇంటికి 2025 లెక్కలో ఏడాదికి సుమారు 26,437 డాలర్ల ఆదాయం చూపాల్సి ఉండేది. చాలకపోతే మామగారు జాయింట్ స్పాన్సర్‌గా ఉండొచ్చు. కానీ విడాకులైనా ఆ బాధ్యత పోదు కాబట్టి, సంతకానికి ముందే ఆయనకు వివరంగా చెప్పడం న్యాయం.

ఇంటర్వ్యూ రోజు ఒరిజినల్స్ అన్నీ తీసుకెళ్లండి. అప్లై చేసిన తర్వాతి నెలల కొత్త స్టేట్‌మెంట్లు కూడా పెట్టుకోండి. కుడిచేయి ఎత్తి ప్రమాణం, తర్వాత పెళ్లి కబుర్లు, ఆపై ఐ-485లోని అవును-కాదు ప్రశ్నలు వరుసగా చదువుతారు. మాకు ఈ చివరి భాగమే ఎక్కువసేపు పట్టింది. అరెస్టులు, పాత వీసాలు, అనుమతి లేని ఉద్యోగం వంటివి అడుగుతారు. వీటిలో దేనికైనా మీ జవాబు "అవును" అయితే, లేదా స్టేటస్‌లో గ్యాప్ ఉంటే, అప్లై చేయకముందే లాయర్‌ని కలవండి, ఇంటర్వ్యూకి వెంట తీసుకెళ్లండి. అరుదుగా భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు ఇద్దరినీ అడుగుతారు. జవాబులు బట్టీ పట్టకండి. గుర్తులేకపోతే గుర్తులేదనండి, ఊహించి చెప్తేనే ఇద్దరి మాటలూ వేరవుతాయి. కొన్ని కేసుల్లో ఇంటర్వ్యూ లేకుండానే కార్డు వస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని కాగితాలు తగ్గించొద్దు.

ఆమోదించే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది రెండేళ్ల షరతు కార్డు. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 (ఆ షరతు తీసేయమని అడిగే అప్లికేషన్) వేయాలి, కాబట్టి కాగితాలు దాచడం ఆపకండి. ఒకవేళ కాపురంలో హింస ఉన్నా, విడాకులైనా, పెళ్లి నిజాయితీగా చేసుకున్నదని చూపగలిగితే భార్య ఒంటరిగా కూడా ఐ-751 వేసుకోవచ్చు. మీకు ఆ అవసరం రాకూడదు. కానీ కార్డు భర్త చేతిలో ఉందనుకుని బాధలు భరిస్తున్న మన అమ్మాయిలను నేను చూశాను, ఈ జవాబు వాళ్లూ చదువుతారని రాస్తున్నాను.