చెక్క సైడింగ్ మొత్తం మార్పిస్తే ఎంత అవుతుంది? మా ఇంటి లెక్క

మీది 1976లో కట్టిన రెండంతస్తుల ఇల్లు, సీడార్ చెక్క సైడింగ్ (బయటి గోడల మీద కప్పే పలకలు) అక్కడక్కడా మెత్తబడింది, మార్పిస్తే ఎంతవుతుందని అడిగారు కదండీ. సియాటిల్ పక్కన మాదీ అలాంటి ఇల్లే. 2022లో మార్పించాం.

ముందు మీరే టేపు పెట్టి గోడలు కొలవండి. మా ఇల్లు 40 అడుగుల పొడవు, 30 వెడల్పు. చుట్టుకొలత 140, ఎత్తు 18, అంటే 2,520 చదరపు అడుగులు. రెండు పక్కలా కప్పు కింద వచ్చే త్రికోణం గోడలు ఒక్కొక్కటి 120. కిటికీలు, తలుపులు, గ్యారేజీ కలిపి 360 తీసేస్తే 2,400 మిగిలింది. కోతల్లో పోయే ముక్కలకు 10 శాతం కలిపితే 2,640. ఇక్కడ కాంట్రాక్టర్లు 'స్క్వేర్' లెక్కన మాట్లాడతారు, ఒక స్క్వేర్ అంటే 100 చదరపు అడుగులు. మాకు 27 స్క్వేర్ల సరుకు పట్టింది.

చెక్క బదులు ఫైబర్ సిమెంట్ (సిమెంట్‌లో నార కలిపి చేసిన పలకలు) వేయడానికి మూడు కొటేషన్లు వచ్చాయి: 38,000, 44,500, 52,000 డాలర్లు. తక్కువది చూసి సంబరపడ్డాం. తీరా చదివితే పాత చెక్క ఊడదీసి పారేయడం, పెయింటింగ్ అందులో లేవు. అవి కలిపితే రెండోదాన్ని దాటిపోయింది. మేం 44,500 వాళ్లకే ఇచ్చాం. వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ పనికి సేల్స్ టాక్స్ కూడా పడుతుంది. మా ఊళ్లో దాదాపు 10 శాతం, అంటే ఇంకో నాలుగున్నర వేలు.

అసలు టెన్షన్ చెక్క ఊడదీసిన రోజు మొదలైంది. వాన గాలి కొట్టే నైరుతి వైపు, కింది కప్పు అంచు గోడను తాకే మూలలో, నీళ్లు ఏళ్ల తరబడి లోపలికి దిగాయి. నీటిని గట్టర్‌లోకి, అంటే కప్పు అంచున వాననీళ్లు పట్టే కాలువలోకి, మళ్లించే చిన్న రేకు ముక్క అక్కడ ఎప్పుడూ వేయలేదట! వెనకున్న ప్లైవుడ్ చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. 14 షీట్లు మార్చారు. షీటుకు 140 డాలర్లని కాగితం మీద ముందే రాయించుకున్నాం కాబట్టి 1,960తో సరిపోయింది. ఆ రేటు రాయించకుండా సంతకం మాత్రం పెట్టకండి. గోడలు విప్పేశాక బేరమాడే పరిస్థితి ఉండదు.

మీరు ఈ వారంలోనే స్క్రూడ్రైవర్ పట్టుకుని కిటికీల కింది అంచులు, నేలకు దగ్గరున్న వరసలు, గట్టర్ మూలలు పొడిచి చూడండి. మెత్తగా దిగినచోటల్లా గుర్తు పెట్టండి. ఒక్క గోడే పాడైందని తేలితే ఆ ఒక్కటే మార్పించండి, మిగతాది పెయింట్‌తో ఇంకొన్నేళ్లు వస్తుంది.

ఇంకోటి, ఇంట్లో పిల్లలుంటే మరీ ముఖ్యం. 1978కి ముందు కట్టిన ఇళ్ల పెయింట్‌లో సీసం ఉండొచ్చు. ముందే టెస్ట్ చేయించండి. ఉందని తేలితే సీసం పనికి సర్టిఫికెట్ ఉన్నవాళ్లతోనే చేయించాలి, ఆ ఖర్చు కూడా కలుపుకోవాలి.

కొలతలు, స్క్రూడ్రైవర్ దిగిన చోట్ల ఫోటోలు పెట్టండి. ఎన్ని షీట్లు పట్టొచ్చో నాకు తోచింది చెప్తాను.