రుషికొండ దాకా తొక్కేవాళ్లు భీమిలి రైడ్‌కి ఎలా సిద్ధమవ్వాలి?

విశాఖ ఆర్కే బీచ్ నుంచి సైకిల్ మీద రుషికొండ వెళ్లి రావడం అలవాటైంది, భీమిలికి ఎలా సిద్ధమవ్వాలి అని అడిగారు. రానూపోనూ 50 కి.మీ. పైనే. వారానికి ఒక్క రైడ్‌నే పొడిగించండి, అదీ 5 కి.మీ. చొప్పున. మిగతా రోజుల్లో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగం చాలు.

అసలు పరీక్ష గాలి. వేసవి నుంచి వర్షాకాలం చివరిదాకా మన తీరంలో ఎక్కువగా నైరుతి గాలి వీస్తుంది. భీమిలి మనకు ఈశాన్యాన ఉంది కాబట్టి వెళ్లేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, ఇంత సులువా అనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే ఎదురుగాలి, పైగా ఎండ. అందుకే వెళ్లేటప్పుడు ఓపికంతా ఖర్చు చేయకండి. ఎదురుగాలిలో తేలిక గేర్‌కి మారి, మోచేతులు కాస్త వంచి, నిమిషానికి 80 సార్లు పెడల్ తిరిగేలా తొక్కితే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది.

మన ఉక్కపోతకు చెమటతో ఉప్పు పోతుంది, ఒక సీసాలో ఓఆర్ఎస్ తప్పనిసరి. గంట దాటితే అరటిపండు తినండి, ఆకలేసేదాకా ఆగొద్దు. సీటు ఎత్తు కూడా చూసుకోండి: పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. ఇంటికొచ్చాక చైన్ తుడిచి నూనె వేయండి, ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది.