కౌన్సెలర్ మా ఆయన్ని ఒక్క మాటా అనడం లేదు

ప్రశ్న: మా ఆయన అయిదేళ్లుగా రోజూ తాగుతున్నారు. ఎంతో బతిమాలితే కౌన్సెలింగ్‌కి ఒప్పుకున్నారు. నాలుగు సార్లు వెళ్లాక ఒకసారి నన్నూ కూర్చోమన్నారు. ఆ కౌన్సెలర్ తాగుడు మానమని ఒక్క మాట అనలేదు. పైగా "తాగితే మీకు ఏం బాగుంటుంది?" అని అడిగింది! నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చాక ఆయనేమో "చూశావా, ఆవిడ కూడా నన్ను తప్పు పట్టలేదు" అంటున్నారు. గట్టిగా మందలించే వాళ్ల దగ్గరికి మార్చమంటారా? – ఒక ఇల్లాలు

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీ కోపంలో తప్పేమీ లేదు. అయిదేళ్లుగా నలిగిపోయింది మీరు, అక్కడ ఓదార్పు దొరుకుతున్నది ఆయనకి అనిపిస్తుంది. కానీ ఆవిడ అడిగిన ప్రశ్న సరైనదే.

తాగుడు మీవారికి ఏదో ఒక పని చేసిపెడుతోంది. నిద్ర పట్టించడం కావచ్చు, టెన్షన్ మరిపించడం కావచ్చు, ఎవరికీ చెప్పుకోలేని సిగ్గును కాసేపు కప్పిపెట్టడం కావచ్చు. అదేమిటో తెలియకుండా మానమంటే, ఆ పని చేసిపెట్టేది ఇంకేదీ ఉండదు. పైగా తాగే మనిషిలో చాలాసార్లు రెండు మనసులుంటాయి. ఒకటి మానేద్దామంటుంది, ఇంకోటి వద్దంటుంది. మనం మానమని వాదించిన కొద్దీ ఆయన రెండోవైపు లాయరైపోతారు. "నేనేం రోడ్డు మీద పడి ఉన్నానా?" అనే మాట మీ ఇంట్లో వినిపించే ఉంటుంది. ఎదుటివాళ్లు వాదించకపోతే, మానడానికి కారణాలు ఆయన నోటి నుంచే మెల్లగా బయటికొస్తాయి.

ఈ పద్ధతికి పునాది వేసింది కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త. మనిషి మారాలంటే కౌన్సెలర్‌లో ఏముండాలో 1957లో ఒక వ్యాసంలో రాశారు. అందులో ముఖ్యమైనవి మూడు: ఎదుటి మనిషి లోపలి బాధను అతని వైపు నుంచి అర్థం చేసుకోవడం, షరతులు పెట్టకుండా అతన్ని గౌరవించడం, తాను నటించకుండా ఉండడం. తర్వాత విలియం మిల్లర్ అనే మరో మనస్తత్వవేత్త తాగుడు సమస్య ఉన్నవాళ్ల మీద పరిశోధనలు చేశారు. కౌన్సెలర్ ఎంత బాగా అర్థం చేసుకుంటే, వాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లు తర్వాతి నెలల్లో అంత తక్కువగా తాగారు. 1993లో వచ్చిన అధ్యయనంలో, ఎంత ఎక్కువగా నిలదీస్తే ఏడాది తర్వాత అంత ఎక్కువగా తాగుతున్నట్టు తేలింది. కాబట్టి మీరు కోరుకుంటున్న ఆ గట్టి మందలింపు మీ మనసుకు చల్లగా ఉంటుందేమో గానీ, ఆయనకి పనికొచ్చే అవకాశం తక్కువ. మందలింపుకే మానేటట్టయితే మీ ఇంట్లో ఎప్పుడో మానేసి ఉండేవారు కదా!

అయితే ఒకటి. మనిషిని గౌరవించడమంటే తాగుడును ఒప్పుకోవడం కాదు. మీవారు ఈ రెండిటినీ కలిపేసి తనకు అనుకూలంగా చెబుతున్నారు. దాని మీద గొడవ పెట్టుకోకండి. "ఆవిడ తప్పు పట్టలేదు, సరే. నాకు మాత్రం రాత్రిళ్లు భయంగా ఉంటోంది" అనండి చాలు. అదీ తాగి ఉన్నప్పుడు కాదు, పొద్దున తేటగా ఉన్నప్పుడు.

ఊరికే తల ఊపుతూ వినేవాళ్లందరూ ఈ పద్ధతి పాటిస్తున్నట్టు కాదు, అలాంటివాళ్లూ ఉన్నారు. నటించకుండా ఉండడమంటే, చేతులు వణుకుతుంటే "మీ ఆరోగ్యం గురించి నాకు భయంగా ఉంది" అని ముఖం మీదే చెప్పడం కూడా. ఎంత తాగుతున్నారు, పొద్దున వణుకు ఉందా, పరీక్షలు చేయించారా అని ఆవిడ అడిగిందా? లోపల ఏం మాట్లాడుకున్నారో ఆయన ఒప్పుకోకుండా ఆవిడ మీకు చెప్పదు, చెప్పకూడదు కూడా. కానీ పద్ధతి గురించి మీరు అడగవచ్చు. మరికొన్ని సార్లు వెళ్లాక కూడా ఆయన మాటల్లో "నేనూ ఆలోచిస్తున్నాను" లాంటిదేదీ రాకపోతే, అప్పుడు మార్చడం గురించి చూద్దాం.

ఇంట్లో మీరు చేయగలిగింది కూడా ఉంది. రాబర్ట్ మేయర్స్ అనే ఆయన తాగేవాళ్ల కుటుంబాల కోసం రూపొందించిన పద్ధతిలో సారం ఇది: తాగనప్పుడు దగ్గరగా, సరదాగా ఉండండి, తాగినప్పుడు గొడవ పడకుండా పక్కకి తప్పుకోండి. "జ్వరం వచ్చింది" అని ఆఫీసుకి మీరు ఫోన్ చేయకండి, ఆ ఫోన్ ఆయన్నే చేసుకోనివ్వండి. ఆయన చెయ్యి ఎత్తినా, ఇంట్లో ఎవరైనా ఆయన్ని చూసి వణికినా ఈ ఓపికలేవీ వర్తించవు. ముందు అక్కడి నుంచి బయటికి రండి, సాయం అడగండి. మీకూ ఎవరో ఒకరు వినేవాళ్లు కావాలి. అల్-అనాన్ లాంటి కుటుంబ సభ్యుల బృందాలు చాలా దేశాల్లో ఉన్నాయి, వెళ్లి చూడండి.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. రోజూ తాగే శరీరానికి మాటలు మాత్రమే సరిపోవు. అలవాటు బాగా ముదిరితే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి లేనివి కనిపించవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే సీసాలు దాచడం, ఒట్టు వేయించి రాత్రికి రాత్రి మాన్పించడం చేయకండి. డాక్టర్ పర్యవేక్షణలో మాన్పించవచ్చు. మళ్లీ తాగకుండా ఉండడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మందులూ ఉన్నాయి. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్రల్ని మాత్రం ఆయనకి తెలియకుండా తిండిలో కలపమని ఎవరు చెప్పినా వినకండి, అవి వేసుకున్నాక తాగితే ప్రాణానికే ముప్పు. డాక్టర్ సంగతి ఆయనతో మాట్లాడమని కౌన్సెలర్‌ని మీరే అడగండి. వెళ్దామన్న మాట మీ నోటి నుంచి వస్తే ఇంకో గొడవ కావచ్చు, ఆవిడ అడిగితే ఆయన ఆలోచిస్తారు.