ఉద్యోగం మాన్పించి కోర్సులో చేర్పించాలా?

అమ్మా, మీ మెయిల్ రెండుసార్లు చదివాను. మీ అబ్బాయికి 26 ఏళ్లు. మాదాపూర్‌లో మూడేళ్లుగా ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆగిపోకుండా చూసే పనిలో ఉన్నాడు, ఏడాదికి 4.2 లక్షలు, నెలలో సగం రోజులు నైట్ షిఫ్టు. రాజీనామా చేయించి అమీర్‌పేటలో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామని మీవారు అంటున్నారు. ఫీజు రెండు లక్షలు, ఈఎంఐలో కట్టొచ్చట, జాబ్ గ్యారంటీ అట. మీకేమో ఎంబీఏ అయితే నయమనిపిస్తోంది. ఏది మేలో పోల్చి చెప్పమన్నారు.

రెండూ ఇప్పుడు వద్దు. ముందు ఆ రాజీనామా మాట ఇంట్లో ఎత్తకండి.

ఇదే ప్రశ్న నాకు వారానికి ఒకటైనా వస్తుంది, కోర్సు పేరొక్కటే మారుతుంటుంది. అమీర్‌పేటలో ఈ కోచింగ్ సెంటర్లన్నీ ఉండే మైత్రీవనం చుట్టుపక్కల ఫ్లెక్సీలు చూస్తే చాలు, ఏ కాలంలో ఏ గాలి వీస్తోందో తెలిసిపోతుంది. 2000కి ముందు మెయిన్‌ఫ్రేమ్, తర్వాత శాప్, టెస్టింగ్, ఆ తర్వాత హడూప్, ఇప్పుడు డేటా సైన్స్, ఏఐ. అక్కడ నేర్చుకుని బాగుపడ్డవాళ్లు వేలల్లో ఉన్నారు, కాదనను. డేటా సైన్స్ చెడ్డదనీ అనను. కానీ అందులో నిలబడ్డవాళ్లను చూశాను, వాళ్లకి స్టాటిస్టిక్స్ మీద పట్టయినా ఉంది, బ్యాంకింగో ఇన్సూరెన్సో ఏదో ఒక రంగం లోతుగానైనా తెలుసు. ఆరు నెలల బ్యాచ్‌లో నుంచి వచ్చే రెజ్యూమేలు ఒకదానిపక్కన ఒకటి పెట్టి చూడండి, అన్నింట్లో అవే రెండు ప్రాజెక్టులు: ఇళ్ల ధరలు అంచనా వేయడం, టైటానిక్‌లో ఎవరు బతికారో చెప్పడం. ఒకసారి నా దగ్గరికొచ్చిన నాలుగు రెజ్యూమేల్లో అక్షరదోషం కూడా ఒకటే. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి ఇది కనిపించదనుకుంటున్నారా?

నన్ను ఎక్కువ భయపెట్టేది దీని తర్వాతి మెట్టు. కోర్సు అయ్యాక కాల్స్ రాకపోతే, కొన్నిచోట్ల మెల్లిగా చెవిలో వేస్తారు, "డేటా సైన్స్‌లో మూడేళ్లు చేసినట్టు పెట్టేయ్, లెటర్ మేం ఇప్పిస్తాం" అని. ఎవరు ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో పీఎఫ్ ఖాతాలో నమోదై ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది బయటపడితే చేరిన నెలకే కాదు, ఏడాది తర్వాతైనా తీసేస్తారు. మీ అబ్బాయి నిజంగా, నిద్ర మానుకుని సంపాదించుకున్న మూడేళ్ల అనుభవాన్ని పారేసి దొంగ మూడేళ్లు కొనుక్కోవడం ఎందుకమ్మా?

ఇక ఆ ఈఎంఐ. చాలాచోట్ల అది ఇన్‌స్టిట్యూట్‌కి కట్టే వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ మీ అబ్బాయి పేర ఇచ్చే అప్పు. మధ్యలో కోర్సు మానేసినా వాయిదాలు ఆగవు, ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు ఇంటి లోన్‌కి వెళ్తే అక్కడ తగులుకుంటుంది. "గ్యారంటీ" అన్న మాట కూడా సంతకం పెట్టే కాగితంలో ఉందో లేదో చూడండి, తరచూ అక్కడికొచ్చేసరికి అది "అసిస్టెన్స్" అయిపోతుంది.

ఎంబీఏ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మంచి కాలేజీలో సీటొస్తే, అతనికి మనుషులతో, వ్యాపారంతో పనిచేయాలని ఉంటే, అప్పుడు ఆలోచిద్దాం. ఈ ఉద్యోగం నచ్చలేదు కాబట్టి ఎంబీఏ అంటే మాత్రం రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే మెయిల్ రాస్తారు.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ మెయిల్‌లో మీ ఆడపడుచు కొడుకు ప్యాకేజీ 18 లక్షలని మూడుచోట్ల ఉంది, మీ అబ్బాయికి ఏం కావాలో ఒక్కచోటా లేదు. సంబంధాలవాళ్లు జీతం అడుగుతున్నారని మీకు దిగులుగా ఉంది, అర్థమైంది, ఆ బాధ చిన్నదని నేననను. కానీ తెల్లవారుజామున ఇంటికొచ్చి పడుకున్న పిల్లాడిని పదకొండింటికి లేపి "వాడు చూడు" అంటే వాడికి చదువుకునే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? పైగా ఆ 18 లక్షల్లో వేరియబుల్, అంటే పనితీరును బట్టి వచ్చే భాగం ఎంత, కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ ఎంత, చేతికొచ్చేది ఎంత, మీకెవరైనా చెప్పారా?

ఇలాంటి కుర్రాడే ఒకడు నా దగ్గరికొచ్చాడు. ఏం చేస్తావంటే "టికెట్లు క్లోజ్ చేస్తానండీ, అంతే" అన్నాడు. టికెట్లంటే సాఫ్ట్‌వేర్‌లో సమస్యల మీద వచ్చే ఫిర్యాదులు. నిన్న రాత్రి ఏం జరిగిందో చెప్పమన్నాను. రెండున్నరకి బిల్లులు తయారుచేసే ప్రోగ్రామ్ ఆగిపోయిందట, కంప్యూటర్ తనంతట తను నమోదు చేసుకునే లాగ్స్ చదివితే సర్వర్‌లో డిస్క్ నిండిపోయిందని తెలిసిందట, ఖాళీ చేసి మళ్లీ నడిపించాడు. అంతకుముందు కూడా రెండుసార్లు అలాగే అయిందని, నిండకముందే హెచ్చరించే చిన్న స్క్రిప్ట్ కూడా రాసిపెట్టాడు. రెజ్యూమేలో ఆ స్క్రిప్ట్ ఊసే లేదు! దాన్నే మొదటి లైన్లో రాయించాను. ఉద్యోగంలో ఉంటూనే క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే సర్వర్లు), లినక్స్ నేర్చుకున్నాడు, ఎనిమిది నెలలకి వేరే కంపెనీలో క్లౌడ్ ఆపరేషన్స్‌లోకి మారాడు. జీతం 18 లక్షలేమీ కాలేదు, కానీ నైట్ షిఫ్టులు పోయాయి, ఇప్పుడు పైకి ఎక్కడానికి మెట్లు కనిపిస్తున్నాయి.

మీ అబ్బాయికీ ఆ దారే దగ్గర. ఎస్‌క్యూఎల్, షెల్ స్క్రిప్టింగ్ ఎలాగూ ముట్టుకుంటూనే ఉంటాడు, వాటికి పైథాన్, ఏదో ఒక క్లౌడ్ కలుపుకుంటే చాలు. ఐఐటీలవాళ్లు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. డేటా మీద నిజంగా మనసుంటే అక్కడే రుచి చూడమనండి, రెండు నెలలకి తనకే తెలుస్తుంది. తన కంపెనీలోనే ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్‌లు పడుతుంటాయి, ముందు వాటికి అప్లై చేయమనండి, బయటికి వెళ్లడంకన్నా టీమ్ మారడం చాలాసార్లు తేలిక. బయట వెతికితే 90 రోజుల నోటీసు అడ్డమొస్తుంది, వెంటనే చేరగలిగే ఇమీడియట్ జాయినర్ కావాలంటారు, ఆ టెన్షన్‌లోనే చాలామంది ముందే రాజీనామా పెట్టేస్తారు. నోటీసుకి బదులు డబ్బు కట్టి బయటపడే వీలుందేమో అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూడమనండి. కొత్త ఆఫర్ లెటర్ చేతికి రాకుండా మాత్రం రాజీనామా వద్దు, ఫోన్లో చెప్పిన మాట ఆఫర్ కాదు.

26 ఏళ్లకి ఏదీ చేయిదాటిపోలేదమ్మా. మూడేళ్లు ఒకేచోట నిలబడి రాత్రిళ్లు పనిచేసిన పిల్లాడు మీవాడు, బద్ధకస్తుడు కాదు. ఈ వారం అతని వీక్లీ ఆఫ్ రోజున నిద్ర పూర్తిగా పోనివ్వండి, లేచాక ఈ జవాబు చదివించండి. నన్ను కలవాలనుకుంటే అతన్నే పంపండి, మీరూ మీవారూ తర్వాత వద్దురుగాని. కంపెనీ వివరాలేవీ లేకుండా, గత మూడు నెలల్లో తను సరిచేసిన పది సమస్యలు ఒక కాగితం మీద రాసుకుని రమ్మనండి.