యాభై అంతస్తులకి పర్మిషన్ ఎవరిచ్చారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ పడమటి వైపు లేస్తున్న టవర్ల మీదే. కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, నానక్‌రామ్‌గూడ. కొందరికి ముచ్చట, కొందరికి మంట. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయట్లేదు.

ప్రశ్న: మాది మణికొండలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అండీ. వెనకాల నలభై పైచిలుకు అంతస్తుల టవర్ కడుతున్నారు. బండ పేలుస్తుంటే వంటింట్లో గిన్నెలు అదురుతున్నాయి, మధ్యాహ్నం మూడయ్యేసరికి మేడ మీద ఎండ మాయం, వడియాలు పెట్టడం మానేశాను. ఇంతెత్తుకి లిమిట్ అంటూ ఉండదా? ఎవరిచ్చారు పర్మిషన్? (ఓ గృహిణి, మణికొండ)

వడియాలకి నా దగ్గర మందు లేదమ్మా, పర్మిషన్ సంగతి మాత్రం చెప్తాను. చాలా ఊళ్ళలో ఎఫ్ఎస్ఐ అని ఒక లెక్క ఉంటుంది, అంటే స్థలం ఎంతుందో దానికి ఇన్ని రెట్లే కట్టాలి అని. ముంబయి పాత సిటీలో దశాబ్దాలపాటు అది 1.33 దగ్గరే ఉంది. మన దగ్గర 2006లో జీవో 86 వచ్చి ఆ లెక్క తీసేసింది, 2012లో జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు, ఇవి చూసి ఎత్తు ఇస్తారు. యాభై మీటర్లు దాటాలంటే 30 మీటర్ల రోడ్డు, అంటే మన వాడుకలో వందడుగుల రోడ్డు ఉండాలి, 55 మీటర్లు దాటాక ప్రతి 5 మీటర్ల ఎత్తుకీ అర మీటరు చొప్పున చుట్టూ సెట్‌బ్యాక్, అంటే ఆ వదిలే ఖాళీ, పెంచుకుంటూ పోవాలి. అంతే. ఎయిర్‌పోర్టు వాళ్ళు, ఫైర్ వాళ్ళు సరేనంటే ఇక పైకి ఎంతైనా పోవచ్చు. బేగంపేట, హకీంపేట, దుండిగల్ వైపు విమానాల వల్ల ఎత్తు దొరకదు, పడమటి వైపు టవర్లు గుంపు కట్టడానికి ఐటీ ఆఫీసులతో పాటు అదీ ఒక కారణం.

నా గొడవ ఏంటంటే, ఈ రూల్ సైటు ముందున్న రోడ్డు ముక్క ఒక్కటే చూస్తుంది. ఆ వందడుగుల రోడ్డు ముందుకెళ్ళి ఏ ముప్పై అడుగుల సందులో కలుస్తుందో, ఆ సందులో డ్రైనేజీ పైపు ఎప్పుడు వేసిందో దానికి పట్టదు. మీ అపార్ట్‌మెంట్ ముందు పొంగే మ్యాన్‌హోల్ ఆ ఫైల్లో ఎక్కడా కనపడదు.

ఇక బండ పేల్చడానికి పోలీసుల అనుమతి ఉండి తీరాలి, టైములు కూడా అందులోనే రాసి ఉంటాయి. మీ అసోసియేషన్ తరఫున ఆ కాపీ అడగండి, ఇవ్వకపోతే ఆర్టీఐ పెట్టండి. గోడల్లో పగుళ్ళుంటే ఇప్పుడే తేదీ కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి, తర్వాత తీస్తే "అవి పాతవే" అంటారు.

ప్రశ్న: అన్నా, టవర్లు వస్తే ఫ్లాట్లు పెరుగుతాయి, ఫ్లాట్లు పెరిగితే రేట్లు తగ్గాలి కదా? మరి నాకు కూకట్‌పల్లిలో కూడా టూ బీహెచ్‌కే అందట్లేదేంటి? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కేపీహెచ్‌బీ)

తమ్ముడూ, నీ లాజిక్ తప్పు కాదు, కానీ ఆ ఫ్లాట్లు నీకోసం కట్టట్లేదు. 2023 ఆగస్టులో కోకాపేటలో నియోపోలిస్ అనే ప్రభుత్వ లేఅవుట్ వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకి పోయింది. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం రెండు లక్షల పైమాటే. ఇప్పుడు బిల్డర్ కుర్చీలో కూర్చుని చూడు. ఎకరంలో లక్షా డెబ్బై వేల ఎస్ఎఫ్‌టీ కడితే ఒక్క అడుగు మీద భూమి ఖర్చే ఐదువేల ఎనిమిది వందలు దాటుతుంది, అదే నాలుగు లక్షల ఎస్ఎఫ్‌టీ కడితే రెండున్నర వేలకి దిగుతుంది. అందుకే పైకి పోతాడు. పైకి ఎంతైనా పోవచ్చని ముందే తెలుసు కాబట్టి వేలంలో అంత పాడతాడు. అంత పాడాడు కాబట్టి పైకి పోక తప్పదు. ఎటు తిరిగినా అక్కడికే వస్తాం.

పైగా ఎత్తు పెరిగేకొద్దీ కట్టే ఖర్చూ పెరుగుతుంది: పునాది, కాంక్రీట్ గ్రేడు, హైస్పీడ్ లిఫ్టులు, ఫైర్ సిస్టమ్, నాలుగేళ్ళు ఐదేళ్ళు వడ్డీ. ఇవన్నీ రావాలంటే మూడు వేలు, నాలుగు వేల ఎస్ఎఫ్‌టీ ఫ్లాట్లు కట్టి అమ్మాల్సిందే. నీ టూ బీహెచ్‌కే ఆ డ్రాయింగ్‌లో ఉండదు.

ఇంకో మాట, ఇది చాలామందికి కోపం తెప్పిస్తుంది, తెప్పించనీ. నియోపోలిస్‌లో భూమి అమ్మిందీ హెచ్ఎండీఏ, అంటే సిటీ ప్లానింగ్ చూసే ప్రభుత్వ సంస్థ, ప్లాన్ చూసి పర్మిషన్ ఇచ్చిందీ హెచ్ఎండీఏ. అమ్మినవాడే అంపైర్ అయితే "ఇక్కడ పదిహేను అంతస్తులు చాలు బాబూ" అని ఎందుకంటాడు, అంటే వేలం రేటు పడిపోదూ? ఏ పార్టీ ప్రభుత్వమైనా ఇదే కథ, 2025 అక్టోబర్లో రాయదుర్గం వేలంలో ఎకరం 177 కోట్లకి పోయింది, అప్పటికి ప్రభుత్వం మారి దాదాపు రెండేళ్ళు.

ప్రశ్న: జనం ఒకేచోట కిక్కిరిస్తే నగరం నాశనమే. టవర్లన్నీ ఆపి ఊరిని నలుమూలలకీ విస్తరించడం మంచిది కాదా? (రిటైర్డ్ టీచర్, యూసుఫ్‌గూడ)

మాస్టారూ, మీతో ఇక్కడ పేచీ తప్పదు. మీరుండే యూసుఫ్‌గూడ, ఆ పక్కన బోరబండ, ఇటు పాతబస్తీ, వీటిలో టవర్ ఒక్కటీ లేదు, కానీ సిటీలో జనం బాగా కిక్కిరిసి ఉండేది అక్కడే. అరవై గజాల్లో జీ ప్లస్ త్రీ, ఒక్కో అంతస్తుకి రెండు కుటుంబాలు. నియోపోలిస్‌లో పెద్ద ఫ్లాట్లున్న టవర్, దాని చుట్టూ సెట్‌బ్యాక్, క్లబ్‌హౌస్, ఐదంతస్తుల పార్కింగ్, ఇదంతా కలిపి లెక్కేస్తే ఎకరానికి ఎంతమంది ఉంటారో బోరబండ పక్కన పెట్టి చూడండి. బిల్డింగ్ ఎత్తు వేరు, జనం ఒత్తిడి వేరు. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే మన చర్చలన్నీ పక్కదారి పడుతున్నాయి.

మీ గల్లీలో ఇస్త్రీ బండి, కిరాణా, టిఫిన్ సెంటర్, మందుల షాపు అన్నీ చెప్పులేసుకుని వెళ్ళేంత దూరంలో ఉంటాయి. టవర్లో కొత్తిమీర కట్టకి కూడా యాప్ తెరవాలి, లేదా కారు తీయాలి. పొద్దున ఏడున్నరకి నార్సింగి జంక్షన్ దగ్గర నిలబడి చూడండి, షేర్ ఆటోలో వెనక ఐదుగురు, డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు, చేతిలో టిఫిన్ బాక్సు, మెడలో గేటు పాసు. ఆ టవర్లలో వంట చేసేవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు, పిల్లల్ని చూసుకునేవాళ్ళు. వాళ్ళకి ఆ చుట్టుపక్కల అద్దె ఇల్లు దొరకదు. మెట్రోనేమో రాయదుర్గం దగ్గరే ఆగిపోయింది, అక్కణ్ణుంచి కోకాపేట దాకా ఎవరి తిప్పలు వాళ్ళవి. ఇంత మందిని తెచ్చి పెట్టేముందు రైలు రావాలి, మనం తర్వాత చూద్దాం అన్నాం.

ఊరిని విస్తరించడం అంటారా, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, దాని బయట కూడా వెంచర్లు వేస్తూనే ఉన్నారు. దూరం పెరిగినకొద్దీ పైపులు, బస్సులు, కరెంటు తీగలు అన్నీ సాగాలి, చెరువులు పోతాయి. జనం దగ్గరగా ఉండటం తప్పు కాదు, అమీర్‌పేటలా మెట్రో పక్కన ఎనిమిది పది అంతస్తులు కట్టి, కింద షాపులు పెట్టి, నడవడానికి ఫుట్‌పాత్ ఇస్తే నేనే ఓటేస్తాను.

ప్రశ్న: గండిపేట పక్కనే కదా ఉన్నాం, వేసవి వస్తే ట్యాంకర్లేంటి సార్? (కోకాపేట)

గండిపేట చెరువు 1908 మూసీ వరద తర్వాత కట్టింది, 1920లో పూర్తయింది, అప్పటి ఊరికి అది సరిపోయింది. ఇప్పుడు సిటీ తాగేది ఎక్కువగా నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి. ఎంతో దూరం నుంచి పంపులతో ఎత్తి పోస్తున్న నీళ్ళు. మీ వైపు మొన్నటిదాకా పొలాలూ బండలూ, కనెక్షన్లు తర్వాత వచ్చాయి, బోర్లు బండలో ఎండిపోతాయి, పైగా నాలుగైదు లెవెళ్ళ సెల్లార్ తవ్వితే ఊరిన నీళ్ళు మోటార్ పెట్టి రోడ్డు మీదకి తోడేస్తున్నారు. 2024 వేసవిలో ఐటీ కారిడార్‌లో ట్యాంకర్ బుకింగులు ఎట్లా పెరిగాయో మీకే తెలుసు.

ప్రశ్న: మా వైజాగ్‌లో కూడా ఇలాంటివి రావాలని మా కుర్రాళ్ళ గోల. మీరేమంటారు? (ఎంవీపీ కాలనీ)

మీకు నేవీ విమానాశ్రయం ఉంది, ఒకవైపు కొండలు, ఇంకోవైపు సముద్రం, ఎత్తుకి లెక్కలు వేరే. ముందు సిటీ బస్సులు పెంచమని గోల చేయమనండి మీ కుర్రాళ్ళని.

ప్రశ్న: నమస్తే అండీ, డల్లాస్‌లో ఉంటున్నాం. తెలిసినవాళ్ళ ద్వారా ప్రీలాంచ్‌లో 38వ అంతస్తు ఆఫర్ వచ్చింది, మొత్తం డబ్బు ఇప్పుడే కడితే సగం రేటట. అమ్మానాన్నల కోసం. తీసుకోవచ్చా?

వద్దు. 2016 రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ అమ్మకాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కాకుండా ప్రాజెక్టు అమ్మకూడదు, ప్రకటన కూడా వేయకూడదు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతం మించి డబ్బు తీసుకోకూడదు. మొత్తం ఇప్పుడే కట్టమన్నాడంటేనే అతని చేతిలో పర్మిషన్ లేదని అర్థం చేసుకోండి. "యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) రిజిస్టర్ చేసిస్తాం" అంటారు, రేపు ప్లాన్ రాకపోతే మీ చేతిలో మిగిలేది బండరాయి మీద కొన్ని గజాల ఉమ్మడి వాటా, ఎక్కడుందో గీత గీసి చూపించలేని వాటా.

రెరా నంబరున్నదే తీసుకుంటామంటే 38వ అంతస్తు గురించి ఒక్కటి ఆలోచించండి. మంటలొస్తే నిచ్చెన బండి అంత ఎత్తు వస్తుందనుకోవద్దు, బిల్డింగ్‌లో ఉన్న ఏర్పాట్లే దిక్కు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంతెత్తు బిల్డింగుల్లో కొన్ని అంతస్తులకొకటి చొప్పున రెఫ్యూజ్ ఏరియా, అంటే మంటలప్పుడు ఆగి నిలబడే చోటు, ఉండాలి. మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులుంటే 38 నుంచి దగ్గర్లోని రెఫ్యూజ్‌కి ఎన్ని మెట్లు దిగాలో సేల్స్ కుర్రాణ్ణి అడగండి, బ్రోచర్ తిరగేస్తాడు. ఇండియా వచ్చినప్పుడు పూర్తయిన ఏదైనా టవర్‌కి వెళ్ళి ఆ చోటు చూడండి, కొన్నిచోట్ల అందులో పాత సోఫాలు, పిల్లల సైకిళ్ళు వేసి తాళం పెట్టేస్తున్నారు.