సడ్బరీ ఒట్టి గనుల ఊరేనా? సీటు తీసుకునే ముందు ఊరి సంపాదన తెలుసుకో

చీమకుర్తి నుంచి ఒక తమ్ముడు రాసిన ప్రశ్న ఇది.

"అక్కా, కెనడాలో సడ్బరీ అనే ఊళ్లో నాకు కాలేజీ సీటొచ్చింది. బ్రాంప్టన్‌లో ఉన్న మావాళ్లేమో 'అక్కడికెందుకురా, అది గనుల ఊరు, నికెల్ ధర పడితే పనే ఉండదు' అంటున్నారు. నేను మెకానికల్ డిప్లొమా చేసి గ్రానైట్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూశాను. అసలా ఊరు దేనిమీద నడుస్తుంది? నాలాంటివాడికి పని దొరుకుతుందా? నన్నెక్కడ గనిలోకి దించుతారోనని అమ్మ నిద్రపోవడం లేదు."

తమ్ముడూ, మీవాళ్లు చెప్పినదాంట్లో సగం నిజం. గనులు లేకపోతే సడ్బరీ అనే ఊరే లేదు. కానీ గనులు మాత్రమే ఉండుంటే ఈపాటికి సడ్బరీ ఉండేది కాదు. ఈ రెండో సంగతి బ్రాంప్టన్‌లో కూర్చున్నవాళ్లకు కనబడదు. నీ సీటు సంగతి తేల్చుకోవడానికి నీకు కావలసింది మాత్రం అదే.

ముందు గనుల గురించి. 185 కోట్ల ఏళ్ల కిందట ఆకాశం నుంచి పెద్ద శకలం వచ్చి ఇక్కడ పడింది. ఆ దెబ్బకు ఏర్పడిన పళ్లెం లాంటి నేల ఇప్పటికీ దాదాపు 60 కిలోమీటర్ల పొడవున ఉంది. దాని అంచుల వెంబడే నికెల్, రాగి, కోబాల్టు, ప్లాటినం, పల్లాడియం దొరుకుతాయి. 1883లో కెనడియన్ పసిఫిక్ రైల్వే లైను వేస్తుండగా ఇక్కడి రాతిలో లోహం ఉందని బయటపడింది. ఆ తర్వాత ఇంకో (Inco), ఫాల్కన్‌బ్రిడ్జ్ అనే రెండు కంపెనీలు ఈ ఊరిని పెంచాయి. 2006లో రెండూ విదేశీ కంపెనీల చేతికి పోయాయి. ఇంకోను బ్రెజిల్ వాళ్ల వాలే కొన్నది. ఫాల్కన్‌బ్రిడ్జ్‌ను ఎక్స్‌ట్రాటా కొంటే, 2013లో అది గ్లెన్‌కోర్‌లో కలిసిపోయింది. ఇప్పుడు ఊళ్లో పెద్ద గనులు, ఖనిజం కరిగించే స్మెల్టర్లు ఈ వాలే, గ్లెన్‌కోర్‌లవే.

ఉద్యోగాలు దొరికే చోటు వేరు. 1970ల మొదట్లో ఆ రెండు కంపెనీల్లో కలిపి ఇరవై వేలమందికి పైగా పనిచేసేవాళ్లు. ఇప్పుడు అందులో సగం కూడా లేరు. లోహం తగ్గిపోయి కాదు. అప్పుడు పదిమంది చేసే పనిని ఇప్పుడు ఒక యంత్రం, దాన్ని నడిపే ఒక మనిషి చేస్తున్నారు. కొన్ని యంత్రాలనైతే నేలమీద గదిలో కూర్చునే నడుపుతున్నారు. మరి గనుల్లో తగ్గిన ఆ పనంతా ఏమైంది? చాలామట్టుకు గేటు బయటికి వచ్చింది. ఆ యంత్రాలు తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు, బాగుచేసేవాళ్లు, డ్రిల్లు బిట్లు సానపట్టేవాళ్లు, గాలి గొట్టాలు బిగించేవాళ్లు, రాతిలో సెన్సర్లు పెట్టి ఒత్తిడి కొలిచేవాళ్లు, ఖనిజం నమూనాలు పరీక్షించే ల్యాబులవాళ్లు, ఇలాంటి గనుల సరఫరా కంపెనీలు సడ్బరీ చుట్టుపక్కల మూడు వందలకు పైనే ఉన్నాయి. శాండ్విక్, ఎపిరాక్ లాంటి పెద్ద పేర్ల దగ్గర నుంచి పదిమందితో నడిచే షెడ్డు దాకా అన్నీ ఉంటాయి. వీటిలో చాలావాటికి సడ్బరీ గనులొక్కటే ఖాతాదారు కాదు. సడ్బరీ ఉన్న ఒంటారియో రాష్ట్రంలోనే ఇంకా ఉత్తరాన ఉన్న బంగారు గనులకు, ఇంకా దూరాన దక్షిణ అమెరికా గనులకు కూడా సరుకు పంపుతాయి. అందుకే నికెల్ పడిపోయిన ఏడాది బంగారం వీటిని నిలబెడుతుంది. నేనూ అలాంటి ఒక కంపెనీలోనే కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తున్నాను.

నీ అనుభవం ఇక్కడే పనికొస్తుంది, ఆ మాట గట్టిగా చెప్తున్నాను. కంప్రెసరు, హైడ్రాలిక్ గొట్టాలు, లోడరు, గ్యాంగ్‌సా మోటారు, డైమండ్ వైరు, ఇవన్నీ నీ చేతికి తెలుసు కదా. రాతి దుమ్ములో యంత్రం ఎలా అరిగిపోతుందో చూసినవాడివి. రెజ్యూమెలో 'మెయింటెనెన్స్ ఎగ్జిక్యూటివ్' అని ఒక్క ముక్క రాసి వదిలేయొద్దు. ఏ యంత్రం, ఎన్ని హార్స్‌పవరు, ఏ భాగం విప్పి బిగించావు, బ్రేక్‌డౌన్ అయితే ఎంతసేపట్లో నిలబెట్టావు, అది రాయి. మనవాళ్లు చేతిపని రాసుకోవడానికి నామోషీ పడతారు. ఇక్కడి వర్క్‌షాపు మేనేజరు మొదట వెతికేది దాన్నే.

ఈ ఊళ్లో రెండు పనులకు ఎప్పుడూ గిరాకీ ఉంది. ఒకటి హెవీ డ్యూటీ ఎక్విప్‌మెంట్ టెక్నీషియన్, అంటే స్కూప్‌లు, జంబో డ్రిల్లులు, లారీలు బాగుచేసేవాడు. రెండోది మిల్‌రైట్, అంటే క్రషర్లు, కన్వేయర్లు, పంపులు చూసుకునేవాడు. ఒంటారియోలో ఇవి అప్రెంటిస్‌గా చేరి, గంటలు పూర్తిచేసి, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకునే వృత్తులు. ఇంజినీరు అని పిలిపించుకోవాలంటే పీఈఓ (ఒంటారియో ఇంజినీర్ల సంస్థ) లైసెన్సు దారి వేరే ఉంది, దానికి టైము పడుతుంది. ఇంట్లో అందరూ "ఇంజినీరు" అనే మాట కోసం ఎదురుచూస్తుంటారని నాకు తెలుసు. కానీ మంచి మిల్‌రైట్ సంపాదన చూస్తే మీ నాన్న ఆ మాట మళ్లీ ఎత్తడు.

ఇంకొకటి గమనించు. లోతైన గనిలో కరెంటు ఖర్చులో పెద్ద భాగం గాలిదే. డీజిల్ బండ్లు వదిలే పొగను, వేడిని బయటికి తోసి కొత్త గాలి పంపుతూ ఉండాలి. అందుకే కంపెనీలు బ్యాటరీ బండ్లకు మారుతున్నాయి. ఇక్కడ గ్లెన్‌కోర్ వాళ్ల ఓనాపింగ్ డెప్త్ గని 2,500 మీటర్ల దాకా దిగుతుంది. దాన్ని బ్యాటరీ బండ్లతో నడిచేలాగే రూపొందించారు. కాబట్టి డీజిల్ ఇంజనుతో పాటు హై వోల్టేజి బ్యాటరీ పని కూడా నేర్పే కోర్సు దొరికితే వదలకు.

ఇక నికెల్ ధర భయం. అది ఉత్తుత్తి భయం కాదు. మాది టంగుటూరు. పొగాకు వేలంలో కిలోకి పది రూపాయలు తగ్గితే ఒంగోలు బట్టల కొట్లలో దాని దెబ్బ కనబడటం చూస్తూ పెరిగాను. ఇక్కడా అంతే, నికెల్ పడితే ముందు ఓవర్‌టైము పోతుంది, తర్వాత కాంట్రాక్టు కంపెనీల్లో పని తగ్గుతుంది, ఆ తర్వాత ఇళ్ల బేరాలు ఆగుతాయి. 2022 మార్చిలో లండన్ మార్కెట్లో టన్ను నికెల్ లక్ష డాలర్లు దాటి, ట్రేడింగే ఆపేయాల్సి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే పదహారు వేల దగ్గరికి దిగింది. ప్రపంచపు నికెల్లో సగానికి పైగా ఇప్పుడు ఇండోనేషియా నుంచే వస్తోంది, అదీ చవగ్గా. దీనికితోడు సమ్మెలు. 1978లో మొదలైన సమ్మె తొమ్మిది నెలలు సాగింది. 2009లో మొదలైంది దాదాపు ఏడాది. 2021లో మరొకటి, రెండు నెలలు. సమ్మె రోజుల్లో యూనియన్ వాళ్లకు ఎంతోకొంత భృతి వస్తుంది, బయట సరఫరా కంపెనీలో పనిచేసేవాడికి అదీ ఉండదు. అందుకే ఉద్యోగంలో చేరగానే కారు లోను, ఇంటి లోను ఒకేసారి నెత్తికెత్తుకోవద్దు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంచుకున్నాకే ఏదైనా.

అయినా ఊరు ఖాళీ కాలేదు, దానికి కారణం ఉంది. ఇక్కడికి పడమర ఇలియట్ లేక్ అనే ఊరుంది. అది యురేనియం మీదే బతికింది. 1990లలో గనులు మూతపడ్డాయి, పనిచేసే వయసువాళ్లు వెళ్లిపోయారు, ఇళ్లు చవకని రిటైరైనవాళ్లు వచ్చి చేరారు. 1970ల చివర్లో ఇంకో కంపెనీ వేలమందిని తీసేసినప్పుడు సడ్బరీకీ ఆ గతే పట్టేది. ఊరి పెద్దలు, ప్రభుత్వం కలిసి వేరే ఆధారాలు తెచ్చారు. కెనడా పన్నుల శాఖ పెద్ద కేంద్రం ఇక్కడ పెట్టారు, దేశంలో లక్షలమంది ట్యాక్స్ రిటర్నులు ఇక్కడికి వస్తాయి. 1984లో సైన్స్ నార్త్ మ్యూజియం తెరిచారు. ఒంటారియో ఈశాన్య ప్రాంతానికంతటికీ పెద్దాసుపత్రి ఇక్కడే ఉంది, హెల్త్ సైన్సెస్ నార్త్. ఊళ్లో ఎక్కువమందికి ఉద్యోగమిచ్చే సంస్థల్లో అదొకటి. 2005లో వైద్య కళాశాల వచ్చింది, ఇప్పుడది నోస్మ్ అనే సొంత యూనివర్సిటీ. క్రైటన్ గనిలో రెండు కిలోమీటర్ల లోతున స్నోల్యాబ్ అనే భౌతికశాస్త్ర పరిశోధనశాల ఉంది. అక్కడ న్యూట్రినో అనే సూక్ష్మ కణాల మీద జరిగిన పరిశోధనకు 2015లో ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌కు నోబెల్ వచ్చింది. నీతో పెళ్లయి వచ్చే అమ్మాయి నర్సో, అకౌంటెంటో అయితే ఈ ఊళ్లో ఆమెకే నీకంటే స్థిరమైన ఉద్యోగం ఉంటుంది. ఇంట్లో ఒకరి జీతం నికెల్ మీద, ఇంకొకరిది ప్రభుత్వ సొమ్ము మీద ఆధారపడ్డ కుటుంబాలు ఇక్కడ ఒడిదుడుకులు బాగా తట్టుకుంటాయి. ఇన్నేళ్లుగా చూస్తున్నాను.

చదువు సంస్థలు కూడా ఊరి ఆదాయమే, కానీ వాటిని కళ్లు మూసుకుని నమ్మొద్దు. 2021లో ఇక్కడి లారెన్షియన్ యూనివర్సిటీ దివాలా రక్షణ కోరి ఒక్కసారిగా 69 ప్రోగ్రాములు ఎత్తేసింది. చదువుతున్న పిల్లలు నడిమధ్యలో ఆగిపోయారు. గనుల ఇంజినీరింగు, భూగర్భశాస్త్రం మాత్రం నిలిచాయి. ఊరికి కావలసిన చదువు ఊళ్లో నిలుస్తుందని నాకు అప్పుడు బాగా అర్థమైంది. కేంబ్రియన్ కాలేజీలో మైనింగ్, వెల్డింగ్, హెవీ ఎక్విప్‌మెంట్ ప్రోగ్రాములకు ఇక్కడి కంపెనీలతో నేరుగా సంబంధాలున్నాయి. అదే నువ్వు ఊరుపేరు లేని 'గ్లోబల్ బిజినెస్ మేనేజ్‌మెంట్' తీసుకుంటే సడ్బరీలో నిన్ను పిలిచేవాడు ఉండడు. ఒంగోల్లో కన్సల్టెన్సీవాళ్లు ఎక్కువగా అంటగట్టేది దాన్నే, సీటు సులువుగా వస్తుంది కనక. 2024 నవంబరు 1 నుంచి స్టడీ పర్మిటుకు దరఖాస్తు చేసినవాళ్లకు కాలేజీ డిప్లొమా మీద వర్క్ పర్మిట్ రావాలంటే, ఆ చదువు ప్రభుత్వం కొరతగా గుర్తించిన రంగంలోదై ఉండాలి. నీ ప్రోగ్రాం ఆ జాబితాలో ఉందో లేదో ఐఆర్‌సీసీ (కెనడా వలసల శాఖ) సైటులో నువ్వే చూసుకో, ఏజెంటు మాట మీద వదిలేయకు. జాబితా మారుతూ ఉంటుంది.

పీఆర్ (శాశ్వత నివాసం) సంగతికొస్తే, ఇంతకుముందున్న గ్రామీణ, ఉత్తర ప్రాంతాల పైలట్, అంటే ప్రయోగాత్మక వలస పథకం, 2024లో ముగిసింది. 2025లో రూరల్ కమ్యూనిటీ ఇమిగ్రేషన్ పైలట్ వచ్చింది, అందులో సడ్బరీ ఉంది. ఊరు గుర్తించిన యజమాని దగ్గర, ఊరు ఎంచుకున్న రంగాల్లో ఉద్యోగం ఆఫరు ఉంటేనే దాని తలుపు తెరుచుకుంటుంది. డబ్బు తీసుకుని ఆ ఆఫరు ఇప్పిస్తామనేవాళ్లు ఇక్కడా ఉన్నారు, మన భాష మాట్లాడేవాళ్లే ఉన్నారు. రూపాయి ఇవ్వొద్దు. అది నేరం, పట్టుబడితే నీ దారే మూసుకుపోతుంది.

అమ్మ భయం గురించి. నువ్వు అడగనిదే, శిక్షణ లేనిదే నిన్నెవరూ గనిలోకి దించరు. ఒంటారియోలో భూగర్భ గనిలో పనికి కామన్ కోర్ అనే శిక్షణ తప్పనిసరి. ఓనాపింగ్‌లో నార్క్యాట్ వాళ్లు నిజం గనిలోనే దాన్ని నేర్పుతారు. పని ప్రమాదకరమనిపిస్తే చేయనని చెప్పే హక్కు చట్టంలో ఉంది, అలా అన్నందుకు నిన్ను తీసేయకూడదు. ఆ చట్టం వెనక చాలామంది ప్రాణాలున్నాయి. 1984 జూన్ 20న ఫాల్కన్‌బ్రిడ్జ్ గనిలో రాయి ఒత్తిడికి పేలి నలుగురు చనిపోయారు. ఇప్పటికీ ఏటా ఆ రోజున ఊరు వాళ్లను తలుచుకుంటుంది. ప్రమాదం అసలు లేదని నేను అమ్మకు చెప్పలేను. నువ్వు నేలమీద వర్క్‌షాపులోనే ఉండిపోయి కూడా బతకొచ్చని మాత్రం చెప్పు, ఎక్కువమంది చేసేది అదే.

చలి ఉంటుంది, జనవరిలో సున్నాకు ముప్ఫై కింద కూడా చూస్తావు. ఇక్కడికొచ్చి కొనుక్కో బూట్లు, ఒంగోల్లో కొనకు. పొగ గురించి ఎవరైనా భయపెడితే అది పాత మాట. ఒకప్పుడు గంధకపు పొగకు కొండలు నల్లబడి చెట్టు మొలవలేదు. 1978 నుంచి సున్నం చల్లి కోటికి పైగా మొక్కలు నాటారు. 381 మీటర్ల పెద్ద పొగగొట్టాన్ని 2020లో వాడటం ఆపేశారు. ఇప్పుడు ఊరి చుట్టూ చెరువులు, పైన్ చెట్లు. ఊరు మాత్రం చాలా విశాలం, దాదాపు 3,200 చదరపు కిలోమీటర్లు. 2021 జనగణనలో జనం లక్షా అరవై ఆరు వేలు. కంపెనీలన్నీ లైవ్లీ, ఫాల్కన్‌బ్రిడ్జ్, గార్సన్ లాంటి మూలల్లో ఉంటాయి. బస్సుతో ఉదయం ఏడు గంటల షిఫ్టుకు అందుకోలేవు. ఇండియా డ్రైవింగ్ లైసెన్సు ఉంటే ఆర్టీఓ నుంచి అనుభవం లెటరు తెచ్చుకో, ఇక్కడి డ్రైవింగ్ పరీక్షకు ఆగాల్సిన కాలం తగ్గుతుంది. తెలుగు ఇళ్లు కొద్దిగానే ఉన్నాయి, కానీ ఉగాదికి ఒకచోట చేరతాం. టొరంటో నాలుగు వందల కిలోమీటర్లు, గోంగూర పచ్చడి అక్కడి నుంచే వస్తుంది.

నీ ఆఫర్ లెటరులో రాసిన ప్రోగ్రాం పూర్తి పేరు, క్యాంపస్ సడ్బరీలోనే ఉందా లేక అదే కాలేజీ పేరుతో వేరే ఊళ్లో ఉందా, కో-ఆప్ (చదువులో భాగంగా కంపెనీలో పని) ఉందా లేదా, ఈ మూడూ రాసి పంపు. ఫీజు మొదటి వాయిదా కట్టకముందే పంపు, ఆ ప్రోగ్రాం చదివినవాళ్లు ఇక్కడ ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో మా కంపెనీలో, చుట్టుపక్కల షాపుల్లో అడిగి చెప్తాను.